గ్రెనోబుల్ నుంచి న్యూయార్క్ దాకా: ఒక ఫ్రెంచ్ ఆటగాడికి ఎన్ఎఫ్ఎల్‌లో చోటు ఎందుకు దక్కలేదు?

[తెరపై: ఆల్ప్స్ కొండల నడుమ గ్రెనోబుల్ నగరం]

నమస్కారం. ఫ్రాన్స్ ఆగ్నేయ భాగంలో, ఆల్ప్స్ పర్వతాల మధ్య గ్రెనోబుల్ అనే నగరం ఉంది. 1968లో శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఆ ఊళ్లో పిల్లలు మంచు మీది ఆటలతోనో, రగ్బీతోనో, సాకర్‌తోనో పెరుగుతారు. అక్కడే 1988లో పుట్టిన ఆంథొనీ డాబ్లేకు మాత్రం ఒక వీడియో గేమ్ పుణ్యమా అని అమెరికన్ ఫుట్‌బాల్‌తో పరిచయమైంది. స్థానిక క్లబ్బు సెంటార్స్‌లో ఆట మొదలుపెట్టి, జర్మనీ లీగ్‌లో పేరు తెచ్చుకుని, 2016 ఫిబ్రవరిలో అమెరికా వృత్తిపర ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని న్యూయార్క్ జెయింట్స్ జట్టుతో అతడు ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆ ఏడాది సీజన్ మొదలయ్యేలోగానే జెయింట్స్ అతడిని వదిలేసింది. 2017 జనవరిలో అట్లాంటా ఫాల్కన్స్ తీసుకుంది. సెప్టెంబరులో, సీజన్‌కు సరిగ్గా ముందు, ఆ జట్టూ వదిలేసింది. ఎన్ఎఫ్ఎల్ రికార్డుల్లో లెక్కకు వచ్చే మ్యాచ్ అతడు ఒక్కటి కూడా ఆడలేదు.

ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, మంచి వేగం, యూరప్ విజేతగా నిలిచిన జట్టులో చోటు ఉన్న ఆటగాడికి ఎక్కడ తక్కువైందన్నదే ఈ వీడియోలో మనం చూడబోయే ప్రశ్న. యూరప్‌వాళ్లకు అమెరికన్ల దేహదారుఢ్యం లేదనే జవాబు చాలామంది నోట వినిపిస్తుంది. నాకు ఆ జవాబు సరైనదిగా తోచదు. డాబ్లే వంటి ఆటగాడికి కొరవడినది బలం కాదు, ఆటలో గడిపిన ఏళ్లు. ఆ ఏళ్లను తర్వాత కూడగట్టుకునే వ్యవధిని ఎన్ఎఫ్ఎల్ జట్టు నిర్మాణం దాదాపు ఎవరికీ ఇవ్వదు.

[తెరపై: వంద గజాల మైదానం, పది గజాల గీతలు]

ఆట తెలియనివారి కోసం రెండు మాటల్లో చెప్పాలంటే, బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు, అంటే సుమారు తొమ్మిది మీటర్లు, ముందుకు సాగాలి. సాగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు వెళ్లిపోతుంది. ఒక్కో వైపు పదకొండు మంది ఆడతారు. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, దాన్ని అందుకోవడానికి మైదానం అంచుల నుంచి పరుగెత్తేవాడు వైడ్ రిసీవర్. డాబ్లే వైడ్ రిసీవర్.

ఫ్రాన్స్‌లో ఈ ఆటకు తొలి క్లబ్బు 1980లో పారిస్‌లో పుట్టింది. ఇప్పుడు జాతీయ సమాఖ్య ఉంది, ఛాంపియన్‌షిప్ ఉంది, లా కుర్నవ్, తొనోన్, అమియాన్ వంటి చోట్ల గట్టి క్లబ్బులున్నాయి. అయినా ఆడేవారిలో అత్యధికులు పగలంతా ఉద్యోగమో చదువో చూసుకుని సాయంత్రాలు సాధన చేసేవారే. జర్మనీ పరిస్థితి కొంత మెరుగు. అమెరికా సైనిక స్థావరాల వల్ల అక్కడ ఆట ముందే వేళ్లూనుకుంది. ఎన్ఎఫ్ఎల్ యూరప్‌లో నడిపిన లీగ్ 2007లో మూతపడేనాటికి ఉన్న ఆరు జట్లలో అయిదు జర్మనీవే కాగా ఫ్రాన్స్‌ది ఒక్కటీ లేదు. అందుకే డాబ్లే మొదట బెర్లిన్‌కు, ఆ తర్వాత బ్రౌన్‌ష్వైగ్‌కు వెళ్లాడు. బ్రౌన్‌ష్వైగ్ జట్టు పేరు న్యూయార్కర్ లయన్స్. ఆ ఊరికే చెందిన ఒక దుస్తుల కంపెనీ స్పాన్సర్ కావడం వల్ల వచ్చిన పేరది, అమెరికా నగరంతో దానికి ఏ సంబంధమూ లేదు. 2015లో ఆ జట్టు జర్మనీ టైటిల్‌నూ, యూరో బౌల్‌నూ గెలుచుకుంది. జెయింట్స్ తరఫున రెండు సూపర్ బౌల్స్, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్స్, గెలిచి, రిటైరయ్యాక అమెరికా వెలుపలి ఆటగాళ్లను వెతికే పనిలో దిగిన ఓసీ యుమెనియోరా దృష్టి డాబ్లే మీద పడింది. ఆ చొరవతోనే అమెరికాకు దారి ఏర్పడింది.

[తెరపై: 90 మంది పేర్ల పట్టిక; ఒక్కొక్కటిగా చెరిగిపోయి 53 మిగులుతాయి]

ఇక్కడి నుంచి లెక్కలు మొదలవుతాయి. వేసవి శిక్షణ శిబిరంలో ఎన్ఎఫ్ఎల్ జట్టు 90 మందిని ఉంచుకోవచ్చు. సీజన్ మొదలయ్యేసరికి ఆ సంఖ్య 53కు దిగిపోవాలి. శిబిరంలో వైడ్ రిసీవర్లు పది పన్నెండు మంది ఉంటే చివరికి మిగిలేది అయిదుగురో ఆరుగురో. 2016 వేసవిలో జెయింట్స్‌కు ఓడెల్ బెక్‌హమ్ జూనియర్ ఉన్నాడు, గాయం నుంచి తిరిగివస్తున్న విక్టర్ క్రూజ్ ఉన్నాడు, ఆ ఏటి డ్రాఫ్టులో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, రెండో రౌండులోనే తీసుకున్న స్టెర్లింగ్ షెపర్డ్ ఉన్నాడు. ఈ ముగ్గురి స్థానాలకు ఢోకా లేదని శిబిరం మొదలు కాకముందే అందరికీ తెలుసు. ఫాల్కన్స్‌లోనూ అంతే: జూలియో జోన్స్, మొహమ్మద్ సాను, టేలర్ గేబ్రియల్ కుదురుకుని ఉన్న జట్టు అది. పైగా అప్పుడే సూపర్ బౌల్ దాకా వెళ్లివచ్చింది కాబట్టి అక్కరకొచ్చిన ఆటగాళ్లను మార్చే ఆలోచన దానికి లేదు.

అంటే డాబ్లే పోటీ పడింది బెక్‌హమ్‌తో కాదు, అయిదో ఆరో స్థానం కోసం ఎదురుచూస్తున్న మిగతా వారితో. ఆ స్థానంలో ఉండే రిసీవర్ బంతి పట్టే అవకాశాలు తక్కువ. అతడు తన జీతానికి న్యాయం చేసేది ప్రధానంగా స్పెషల్ టీమ్స్‌లో, అంటే బంతిని తన్నే సందర్భాల్లో. బంతిని ఎదుటి జట్టు వైపు తన్ని వదులుకోవడాన్ని పంట్ అంటారు. పంట్ తన్నగానే మైదానం అంచు నుంచి యాభై గజాలు ఉరికి, ఇద్దరు అడ్డుపడుతున్నా తప్పించుకుని, బంతి అందుకున్నవాడిని పడగొట్టే పని అది. యూరప్‌లో జట్టుకు మూలస్తంభంగా ఉన్న రిసీవర్‌ను అక్కడి కోచ్ ఆ పనికి సాధారణంగా పంపడు, గాయపడితే జట్టే కుంటుపడుతుంది కాబట్టి. ఇంటి దగ్గర తారగా వెలగడమే అవతల ఉద్యోగానికి అడ్డొచ్చే అనుభవలోపంగా మారుతుంది. ఈ విషయం ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, చివరి కోతల రోజున కోచ్‌లు చూసేది ఇదే.

ఇక ఒకే ఒక్క బంతి విషయం దగ్గరగా చూద్దాం.

[తెరపై: 40 నుంచి వెనక్కి నడిచే గడియారం]

ఒక ప్రయత్నం ముగియగానే 40 సెకన్ల గడియారం మొదలవుతుంది. కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని స్పీకర్‌లో వినిపిస్తుంది. గడియారం 15కు చేరగానే ఆ రేడియో ఆగిపోతుంది. క్వార్టర్‌బ్యాక్ తోటివారికి అప్పజెప్పే ఆదేశంలో జట్టు నిలబడే తీరు, కదలికలు, అడ్డుకునే పద్ధతి, ఒక్కో రిసీవర్ పరుగెత్తాల్సిన దారి అన్నీ ఇమిడి ఉంటాయి. రిసీవర్ అందులో తనకు చెందిన ముక్కను పట్టుకుని, తన చోటికి పరుగెత్తి, తాను బంతి ఉన్న గీత మీద ఉన్నాడో లేదో పక్కన నిలబడ్డ అధికారితో సైగలో సరిచూసుకుని, తనను ఎదురుగా కాచే డిఫెండర్ అయిన కార్నర్‌బ్యాక్ నిలుచున్న తీరును, అందరికంటే వెనుక కాపు కాసే సేఫ్టీలు ఒకరా ఇద్దరా అన్నదానిని గమనించాలి. ఎందుకంటే దారి ముందే ఖరారైనట్టు కనిపించినా, చాలా ఆటల్లో అది షరతులతో ఉంటుంది: డిఫెండర్ లోతుగా వెనక్కి పోతే పన్నెండు గజాల దగ్గర ఆగి వెనక్కి తిరగాలి, దగ్గరగా అంటిపెట్టుకుంటే అతడిని దాటి దూసుకుపోవాలి. అదే షరతును క్వార్టర్‌బ్యాక్ కూడా అదే క్షణంలో, అదే విధంగా చదువుకుంటాడు. రిసీవర్ ఇంకా తిరగకముందే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి వెళ్లిపోతుంది. ఇద్దరి అంచనా ఒకటి కాకపోతే బంతి నేరుగా ప్రత్యర్థి ఒళ్లో పడుతుంది, తప్పు రిసీవర్ ఖాతాలో పడుతుంది.

అమెరికా కుర్రాడు ఇదంతా హైస్కూల్లో మొదలుపెట్టి, కాలేజీలో నాలుగేళ్లు నూరి నూరి, ఆలోచించే అవసరం లేనంతగా వంటబట్టించుకుని వస్తాడు. డాబ్లే 27 ఏళ్ల వయసులో, కొన్ని నెలల వ్యవధిలో ఆ స్థాయి అందుకోవాల్సి వచ్చింది. ఆలోచించేవాడి కాళ్లు అర సెకను ఆలస్యమవుతాయి. నలభై గజాల పరుగును ఎంత వేగంగా పూర్తి చేసినా ఆ అర సెకనును అది పూడ్చదు.

దీనికి తోడు నిబంధనల్లో తేడాలు. యూరప్‌లో ఆడే నియమావళి అమెరికా కాలేజీ నియమావళి మీద ఆధారపడింది. అంచు దగ్గర బంతి పట్టినప్పుడు ఒక్క పాదం లోపల పడితే చాలు. ఎన్ఎఫ్ఎల్‌లో రెండు పాదాలూ పడాలి. ఏళ్ల తరబడి ఒక పాదానికి అలవాటుపడ్డ శరీరం, గాలిలో మెలి తిరిగి రెండో బొటనవేలిని కూడా గడ్డి మీద ఈడ్చడం నేర్చుకోవాలంటే అది మాటలతో అయ్యే పని కాదు. ప్రతి ప్రయత్నానికీ బంతిని ఉంచే చోటుకు హద్దులైన, మైదానం మధ్యలోని హ్యాష్ గీతల మధ్య దూరం కాలేజీలో దాదాపు పన్నెండు మీటర్లు, ఎన్ఎఫ్ఎల్‌లో అయిదున్నర మీటర్లు మాత్రమే. దానివల్ల అంచున ఉన్న రిసీవర్‌కు దొరికే చోటు, కొలతలు మారిపోతాయి. ఈ రెండు సర్దుబాట్లు అమెరికా కాలేజీ ఆటగాళ్లకూ తప్పవు. కాకపోతే వాళ్లకు కొత్తగా నేర్చుకోవలసినవి అంతటితో ఆగుతాయి.

[తెరపై: జార్జియా విశ్వవిద్యాలయ స్టేడియం, 1980లు]

అయితే ఫ్రాన్స్‌లో పుట్టినవాడు ఎన్ఎఫ్ఎల్‌లో ఆడనే లేదా? ఆడాడు, అదీ డాబ్లే పుట్టిన కొద్ది నెలలకే డ్రాఫ్టయి. బయోన్ పట్టణానికి చెందిన రగ్బీ ఆటగాడు రిచర్డ్ టార్డిట్స్ 1980లలో జార్జియా విశ్వవిద్యాలయంలో చేరి, ఆట అంతకుముందు తెలియకపోయినా స్కాలర్‌షిప్ లేకుండానే విన్స్ డూలీ శిక్షణలోని జట్టు తలుపు తట్టాడు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోగా అతడిని పడగొట్టడాన్ని శాక్ అంటారు. టార్డిట్స్ జార్జియాను వీడేనాటికి 29 శాక్‌లతో ఆ విశ్వవిద్యాలయ రికార్డు అతడి పేరిట ఉంది, ‘లె శాక్’ అనే ముద్దుపేరూ వచ్చింది. 1989లో ఫీనిక్స్ కార్డినల్స్ అతడిని అయిదో రౌండులో ఎంచుకుంది. 1990 నుంచి 1992 వరకు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు ఆడాడు. ఆ తర్వాత రగ్బీకి తిరిగివచ్చి అమెరికా జాతీయ జట్టుకు ఆడడం మరో ముచ్చట.

టార్డిట్స్‌కు కలిసొచ్చినవి రెండు. మొదటిది కాలేజీ ఇచ్చిన ఏళ్లు: అక్కడ తప్పు చేసినవాడిని వారం తిరిగేలోగా ఇంటికి పంపరు. రెండోది స్థానం. అంచు నుంచి దూసుకువచ్చి క్వార్టర్‌బ్యాక్ మీద పడే పనిలోనూ మెళకువలున్నాయి కానీ, రిసీవర్ మోయాల్సినంత బరువు జ్ఞాపకశక్తి మీద ఉండదు. రగ్బీలో అలవడిన ట్యాకిల్ అక్కడ నేరుగా పనికొచ్చింది.

రగ్బీ అనుభవం ప్రతి స్థానంలోనూ ఇలా అక్కరకు రాదు. ఇంగ్లండ్ రగ్బీ వింగర్ క్రిస్టియన్ వేడ్ 2019 ఆగస్టులో బఫలో బిల్స్ తరఫున ప్రీసీజన్ (సన్నాహక) మ్యాచ్‌లో మొదటిసారి బంతి పట్టగానే 65 గజాలు పరుగెత్తి, చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. స్టేడియం ఊగిపోయింది, వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత కూడా అతడికి అసలు సీజన్‌లో ఒక్క మ్యాచ్ దక్కలేదు. మరోవైపు సిడ్నీలో రగ్బీ లీగ్ ఆడిన జోర్డన్ మైలాటా, ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడకుండానే, 2018 డ్రాఫ్టులో 233వ ఎంపికగా ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు వెళ్లాడు. రెండు సీజన్లు ఒక్క మ్యాచూ ఆడలేదు. జెఫ్ స్టౌట్‌లాండ్ అనే కోచ్ అతడికి అడుగులు వేయడం దగ్గర నుంచీ నేర్పాడు. 2020లో, క్వార్టర్‌బ్యాక్‌కు రక్షణగా నిలబడే లైన్‌లో మైదానంలోకి దిగి, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తుతో అంత చురుగ్గా కదిలే మనిషి అమెరికాలోనూ అరుదు కాబట్టే ఈగిల్స్ రెండేళ్లు ఓపిక పట్టింది. పొడుగాటి, వేగవంతుడైన రిసీవర్లను అమెరికా కాలేజీలు ఏటా వందల్లో తయారుచేస్తాయి. డాబ్లే కోసం అంత ఓపిక పట్టాల్సిన అవసరం ఏ జట్టుకూ కనిపించలేదు.

ఇందులో చేదైన విషయం మరొకటుంది. విదేశీ ఆటగాళ్లకు ఈ ఓపికను నియమంగా కల్పించాలని ఎన్ఎఫ్ఎల్ 2017లో ఒక పథకం ప్రారంభించింది. మొదటి ఏడాది ఒక డివిజన్‌లోని నాలుగు జట్లకు మాత్రమే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే 53 మందికి వెలుపల జట్టుతో సాధన చేసే బృందంలో, ఒక అదనపు స్థానం ఇచ్చింది. ఆ నాలుగింటిలో ఫాల్కన్స్ ఒకటి. ఆ స్థానం మాత్రం ఇంగ్లండ్ రగ్బీ సెవెన్స్ ఆటగాడు అలెక్స్ గ్రేకు వెళ్లింది. అదే వేసవిలో, అదే మైదానంలో, డాబ్లే మామూలు అభ్యర్థిగా పోటీ పడి బయటికి వచ్చాడు.

[తెరపై: 32 జట్ల చిహ్నాలు]

2024 నుంచి నియమం మారింది. 32 జట్లలో ప్రతి ఒక్కటీ ప్రాక్టీస్ స్క్వాడ్‌లోని 16 మందికి అదనంగా ఒక విదేశీ ఆటగాడిని ఉంచుకోవచ్చు, వేసవి శిబిరంలోనూ అతడు 90 మంది లెక్కలోకి రాడు. 2024లో ప్రాక్టీస్ స్క్వాడ్‌లోని కొత్తవారికి వారానికి కనీసం 12,500 డాలర్లు ముట్టాయి. ఫ్రాన్స్ మార్కెట్ హక్కులు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ దగ్గరున్నాయి, కాబట్టి ఫ్రెంచ్ ఆటగాడి మీద ఆసక్తి చూపడానికి కనీసం ఒక జట్టుకైనా వ్యాపార కారణం కూడా ఉంది. అయినా ఈ రోజు గ్రెనోబుల్‌లోనో, పారిస్ శివార్లలోనో ఆట మొదలుపెడుతున్న పదహారేళ్ల కుర్రాడు సలహా అడిగితే, ఈ పథకం కోసం ఎదురుచూడమని నేను చెప్పను. వీలైతే అమెరికా హైస్కూల్లోనో, చిన్నదైనా సరే ఒక కాలేజీ జట్టులోనో ఇప్పుడే చేరమనీ, పెద్ద శరీరం ఉంటే రిసీవర్ కలను పక్కన పెట్టి లైన్‌లో చోటు వెతుక్కోమనీ, ఏ స్థానంలో ఆడినా పంట్ వెంట పరుగెత్తే పనికి తానే ముందుగా చేయెత్తమనీ చెబుతాను.