తెలుగును 'తలగ' చేసే ఒక్క లైన్ కోడ్

పోయిన వీడియో కింద "తెలుగు టెక్స్ట్ ఫైళ్లే చెత్త, పైథాన్ ప్రోగ్రామ్‌లో ఏం చేసినా మాటల లెక్క తప్పే వస్తుంది" అని తెగ కొట్టుకున్నారు కదా. ఫైల్‌ది తప్పు కాదు బాస్, క్లీనింగ్ అని మీరు కాపీ కొట్టిన ఆ ఒక్క లైన్‌ది!

ఫైల్ ఓపెన్ చేశారు, ఫర్ లూప్‌లో ఒక్కో లైన్ తీశారు, స్ట్రిప్‌తో చివర న్యూలైన్ పీకారు, ఖాళీ లైన్లు వదిలేశారు. ఇంతవరకు ఓకే. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్, అంటే ఫైల్లో అక్షరాలు దాచే పద్ధతి, యూటీఎఫ్-8 అని మాత్రం రాయండి బాబూ, లేకపోతే చాలా విండోస్ మెషీన్లలో కొమ్ము కనబడగానే ఈ అక్షరం చదవలేనని చార్‌మ్యాప్ ఎర్రర్ కొడుతుంది. అది నయం, కనీసం అరుస్తుంది.

అసలు దొంగ తర్వాత వస్తాడు. ఆర్ఈ డాట్ సబ్, స్క్వేర్ బ్రాకెట్లో క్యారెట్, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, బ్యాక్‌స్లాష్ ఎస్. అంటే మాటలో భాగం కానిదీ, ఖాళీ కానిదీ ఏది కనబడినా పీకేయ్ అని. కామాలు, చుక్కలు పోతాయని అందరూ వాడేదే. దానికి "తెలుగు" ఇచ్చి చూడండి, "తలగ" వస్తుంది! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, గుణింతం మొత్తం గుండు.

ఎందుకంటే పైథాన్ ఆర్ఈ మాడ్యూల్ దృష్టిలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, అంతే. మన కొమ్ము, దీర్ఘం, గుడి, సున్నా, పొల్లు, అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 'మార్క్' కిందకి వస్తాయి, కాబట్టి అవుట్. కూలి, కులం, కాలం, కాలు అన్నీ "కల" అయిపోతాయి, ఇక మీరు మాటలు లెక్కపెట్టే కౌంటర్ పెట్టి తెలుగువాళ్లు ఎక్కువగా మాట్లాడేది కలల గురించేనని రిపోర్ట్ ఇస్తారు!

ఇది కొత్త గొడవ కూడా కాదు, 2007లోనే పైథాన్ తప్పుల చిట్టా, అదే బగ్ ట్రాకర్‌కి ఎక్కింది. ఇంతకాలం ఎవడికీ పట్టలేదేం? నా థియరీ ఒకటే, ట్యుటోరియల్ రాసేవాడు ఇంగ్లీష్ ఫైల్ మీదే టెస్ట్ చేస్తాడు, వాడికి గుణింతం లేదు, నొప్పీ లేదు. మనోళ్లు అదే తెలుగులో చెబుతూ ఉదాహరణకి మళ్లీ "హలో వరల్డ్" పెడతారు చూడండి, అక్కడ కాలుతుంది నాకు.

ఏది ఉంచాలో చెప్పకండి, ఏది తీయాలో చెప్పండి. కామాలు, చుక్కల్లాంటి గుర్తుల లిస్ట్ స్ట్రింగ్ డాట్ పంక్చుయేషన్‌లో రెడీగా ఉంటుంది, వంకర కోట్స్ అందులో ఉండవు, మీరే కలుపుకోండి. దాన్ని ఎస్‌టీఆర్ డాట్ మేక్‌ట్రాన్స్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చి (మొదటి రెండూ ఖాళీ), వచ్చిన టేబుల్‌ని ట్రాన్స్‌లేట్‌కి ఇవ్వండి. లేదా పైథాన్‌కి అదనపు మాడ్యూళ్లు తెచ్చే పిప్‌తో రెగెక్స్ అనే మాడ్యూల్ వేసుకోండి, అది మార్కులని కూడా మాటలో భాగంగానే చూస్తుంది.

ఇప్పుడు మీ ఊరి పేరు ఆ పాత లైన్‌లో వేసి ఏమొచ్చిందో కామెంట్లో పెట్టండి. గుంటూరోళ్లు ముందే ప్రిపేర్ అవ్వండి, మీది "గటర".