నాబ్ మీద చెయ్యి వేయకండి: ఇంట్లో డ్రాఫ్ట్ బీర్ మెషీన్ బిగించుకోవడంపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారమండీ. డాలస్ నుంచి శనివారం సాయంత్రం ఫోన్-ఇన్‌కి స్వాగతం. పోయిన వారం ఆవకాయకి ఏ జాడీ మంచిదో మాట్లాడుకున్నాం. ఈ వారం విషయం వినగానే కొందరు పెద్దవాళ్లు నన్ను తిట్టుకుంటారేమో. కానీ ఏం చేయను? ఈ మధ్య ఏ గృహప్రవేశానికి వెళ్లినా గరాజ్‌లో ఓ పొట్టి ఫ్రిజ్, దాని నెత్తిన ఓ స్టీల్ గొట్టం, దానికో ట్యాప్. కెగరేటర్ అంటారట. లోపల కెగ్, అంటే బీరు పీపా, ఆ బీరుని ట్యాప్‌లోకి తోయడానికో గ్యాస్ సిలిండర్. బిగించడం తెలియక గ్లాసు నిండా నురగ పట్టుకుని నిలబడినవాళ్లే అందరూ. అందుకే ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తున్న ఒకాయన్ని పిలిచాం. 21 ఏళ్లు నిండనివాళ్లు ఈ గంట హోంవర్క్ చేసుకోండి. తాగినవాళ్లు కారు తాళాలు ఇంట్లోవాళ్లకి ఇచ్చేయండి. నమస్కారమండీ, నిపుణులు గారూ.

మెకానిక్: నిపుణుడంటే నవ్వుతారండీ. ఫ్రిజ్ మెకానిక్ అనండి చాలు.

యాంకర్: సరే. మొదటి కాల్ ఫ్రిస్కో నుంచి. చెప్పండి.

ఫ్రిస్కో: అన్నా, నమస్తే. వచ్చే శనివారం మా గృహప్రవేశం, సాయంత్రం ఫ్రెండ్స్‌కి పార్టీ. మెషీన్ నిన్న బిగించాను. పెద్ద కెగ్ తెచ్చాను. గ్లాసు పెడితే ముప్పాతిక నురగే. ప్రెషర్ చాలట్లేదేమో అని 20కి పెంచాను. మరీ పొంగింది. 5కి తగ్గించాను. ఇప్పుడు సన్నగా వస్తోంది కానీ అదీ నురగే. చాలా టెన్షన్‌గా ఉందన్నా.

మెకానిక్: తమ్ముడూ, ముందు ఆ ప్రెషర్ నాబ్ మీదనుంచి చెయ్యి తియ్యి. నాకొచ్చే పది ఫోన్లలో ఎనిమిది ఇవే. నాబ్ కంటికి ఎదురుగా ఉంటుంది, తిప్పడానికి వీలుగా ఉంటుంది, అందుకని తిప్పుతారు. జబ్బు మాత్రం ఇంకోచోట ఉంటుంది. గోలీసోడా తాగావా ఎప్పుడైనా?

ఫ్రిస్కో: తాగాను, మా ఊరి బస్టాండ్‌లో.

మెకానిక్: ఐసులో పెట్టిన సోడా కొడితే కాస్త బుస్సుమని ఊరుకుంటుంది. ఎండలో ఉన్నది కొడితే చొక్కా తడిపేస్తుంది. రెండిట్లో గ్యాస్ ఒకటే. చల్లటి నీరు గ్యాస్‌ని పట్టుకుంటుంది, వేడెక్కితే వదిలేస్తుంది. బీరూ అంతే. 38 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉంటే 11, 12 పీఎస్ఐ ప్రెషర్‌తో గ్యాస్ లోపలే కూర్చుంటుంది. అదే బీరు 46 డిగ్రీలకి ఎక్కితే దాన్ని పట్టి ఉంచడానికి 15 దాటాలి. నువ్వు 5కి దింపావు. అంటే పట్టుకున్న చెయ్యి వదిలేశావు. ఇప్పుడు గ్యాస్, బీరు వచ్చే పైపులోనే విడిపోతోంది. పైపు చూడు, మధ్య మధ్య ఖాళీలు, బుడగలు కనిపిస్తాయి.

ఫ్రిస్కో: అవునన్నా, కనిపిస్తున్నాయి!

యాంకర్: మా తాతగారి ఊళ్లో పొద్దెక్కాక కల్లు ముంత ఇలాగే పొంగేది.

మెకానిక్: దాని కథ వేరండీ. కల్లు ఇంకా పులుస్తూ ఉంటుంది, గ్యాస్ కొత్తగా పుడుతూ ఉంటుంది. ఇక్కడ ఉన్న గ్యాసే పారిపోతోంది. వేడి మాత్రం రెండిటికీ శత్రువే. తమ్ముడూ, నీ పైపు పొడవెంత?

ఫ్రిస్కో: బాక్సులో వచ్చిందే. 5 అడుగులు.

మెకానిక్: అదొకటి. లోపలి బెజ్జం 3/16 అంగుళాలుండే పైపు పొడుగ్గా ఉంటే బీరు దాన్ని ఒరుసుకుంటూ నెమ్మదిగా వస్తుంది. పొట్టిగా ఉంటే దూసుకొచ్చి గ్లాసులో పడి విరుగుతుంది. కిట్‌తో 5 అడుగులది ఇస్తారు, దాంతో కొందరికి బాగానే నడుస్తుంది కూడా. నేను మాత్రం 10 అడుగులది వేసి చుట్ట చుట్టి కెగ్ మీద పెడతాను. ఎక్కువైతే కోసుకోవచ్చు, తక్కువైతే అతికించలేం కదా. ఒక పని చెయ్యి. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్ ఉందా ఇంట్లో?

ఫ్రిస్కో: ఉంది, గ్రిల్ దగ్గర.

మెకానిక్: వరసగా రెండు గ్లాసులు పట్టు. ట్యాప్ సగం తిప్పి జారవిడవకు, ఒక్కసారి పూర్తిగా లాగు. మొదటి గ్లాసు పక్కన పెట్టు. రెండోదాంట్లో థర్మామీటర్ పెట్టి ఎంతుందో చూసి మళ్లీ ఫోన్ చెయ్యి. ఫ్రిజ్ తలుపు మీద వెలిగే అంకె నాకొద్దు. అది గాలి లెక్క.

యాంకర్: రెండోదే ఎందుకు?

మెకానిక్: మొదటి గ్లాసులో వచ్చేది పై గొట్టంలో నిలబడ్డ బీరు. అక్కడికి చల్లగాలి సరిగ్గా ఎక్కదు. మొదటి గ్లాసు నురగ, రెండోది బాగుంటే తప్పు గొట్టానిది. ఓ చిన్న ఫ్యాన్ పెట్టి చల్లగాలిని పైకి పంపిస్తే సరిపోతుంది. అన్నీ నురగే అయితే కెగ్, ప్రెషర్, పైపు చూడాలి.

యాంకర్: ఇర్వింగ్ నుంచి ఒకావిడ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఇర్వింగ్: అన్నయ్యా, మావారు ఇండియా వెళ్లారు. ఈ మెషీన్ ఆయనదే. పది రోజుల కింద గ్యాస్ సిలిండర్ మార్పించారు, 5 పౌండ్లది. ఎవరూ పెద్దగా తాగలేదు. మొన్నటిదాకా ముల్లు నిండుగా చూపించింది, నిన్న చూస్తే సున్నా. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఆ గ్యాస్ అంతా ఎటు పోయినట్టు? భయంగా ఉంది.

మెకానిక్: ముందు భయం సంగతి. మెషీన్ ఎక్కడుంది?

ఇర్వింగ్: గరాజ్‌లో.

మెకానిక్: ఖాళీ అయిపోయింది కాబట్టి ఇక ప్రమాదం లేదు. గరాజ్ తలుపు కాసేపు తెరిచి ఉంచండి. అది కార్బన్ డయాక్సైడ్, వంట గ్యాస్‌లా అంటుకోదు. కానీ వాసన రాదు, గాలికంటే బరువు, నేలబారుగా పేరుకుంటుంది. అందుకే గాలి ఆడని చిన్న స్టోర్ రూముల్లో, మెట్ల కింద అరల్లో ఈ మెషీన్ పెట్టొద్దంటాను. పాప ఎత్తులో ఆడుకునే పిల్లలుంటే అసలే వద్దు. కొత్త సిలిండర్ తెచ్చేటప్పుడు కారు అద్దాలు కాస్త దించండి. ఎండలో కారులో వదిలేసి షాపింగ్‌కి వెళ్లకండి.

ఇర్వింగ్: మరి ముల్లు నిండుగా ఎందుకు చూపించింది?

మెకానిక్: మన వంట గ్యాస్ బండలాగే అమ్మా. లోపల ఉన్నది ద్రవం. చుక్క ద్రవం మిగిలినా ముల్లు అక్కడే ఉంటుంది. మామూలు గది వేడిలో 800 పీఎస్ఐ దాకా, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తక్కువ. ద్రవం అయిపోయిన క్షణంనుంచి గబగబా పడిపోతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాలి. ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద చెక్కి ఉంటుంది. 5 పౌండ్ల గ్యాస్‌తో మామూలుగా పెద్ద కెగ్‌లు ఆరైనా అయిపోవాలి. మీకు పది రోజుల్లో పోయిందంటే కారుతోందన్నమాట. సిలిండర్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య బిళ్లలాంటి వాషర్ ఉందో లేదో చూశారా?

ఇర్వింగ్: చిన్న తెల్ల బిళ్ల ఒకటి బాక్సులోనే ఉండిపోయింది. అదేనా?

మెకానిక్: (నవ్వు) అదేనమ్మా. మీవారికి ఫోన్‌లో చెప్పేటప్పుడు మెల్లగా చెప్పండి. కొన్ని రెగ్యులేటర్లకి వాషర్ లోపలే అమర్చి ఉంటుంది, మీదానికి విడిగా ఇచ్చారు. అది పెట్టి, పానాతో గట్టిగా బిగించి, గ్యాస్ తెరిచి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ప్రతి అతుకు మీదా రాయండి. మన ఊళ్లో కొత్త బండ వచ్చినప్పుడు చూసేవాళ్లం కదా, అలాగే. బుడగ లేచిన చోట లీకు. ఇంకోటి, సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వెళ్లి పాడుచేస్తుంది.

యాంకర్: న్యూజెర్సీ, ఎడిసన్ నుంచి పెద్దాయన.

ఎడిసన్: నాయనా, నాకు 68 ఏళ్లు. మా అబ్బాయి వంటింటికి కొత్త ఫ్రిజ్ కొన్నాడు. పాతది పారేస్తానంటే నేను ఊరుకోలేదు. దానికే ఓ బెజ్జం వేసి ట్యాప్ పెట్టుకుందామని. డ్రిల్ మిషన్ కూడా తీసి పెట్టాను.

మెకానిక్: బాబాయ్ గారూ, డ్రిల్ అక్కడే ఉంచండి. బెజ్జం ఎక్కడ వేద్దామని?

ఎడిసన్: పక్క గోడకి. తలుపు అందం చెడిపోతుందని.

మెకానిక్: నేనూ అలాగే అనుకున్నానండీ ఒకప్పుడు. రోజూ ఫ్రిజ్‌లు విప్పేవాణ్ణి, నాకు తెలియదా అన్న ధీమా. మా ఇంటి ఫ్రిజ్‌కే పక్కన డ్రిల్ దింపాను. రెండో నిమిషంలో పాము బుసకొట్టినట్టు శబ్దం. లోపలి పైపు తెగింది, ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాస్ మొత్తం పోయింది. ఫ్రిజ్ కాస్తా చెప్పుల అలమర అయింది. మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది.

యాంకర్: (నవ్వు) ఇది రికార్డవుతోందండీ.

మెకానిక్: అవనివ్వండి. చాలా ఫ్రిజ్‌లకి పక్క గోడల లోపల సన్నటి పైపులు తిరుగుతాయి. పైగా కొత్త వాటిల్లో కొన్నిటికి అంటుకునే గ్యాస్ ఉంటుంది, అక్కడ డ్రిల్ అంటే ఆట కాదు. తలుపులో గ్యాస్ పైపులుండవు. ఐస్, నీళ్లు వచ్చే తలుపైతే మాత్రం వైర్లు, నీటి గొట్టం చూసుకోవాలి. మామూలు తలుపైతే 7/8 అంగుళాల బెజ్జం చాలు. పక్కనే వేసి తీరాలంటే ఒక చిట్కా ఉంది. కార్న్‌ఫ్లోర్‌ని వోడ్కాలో పల్చగా కలిపి గోడకి పూయండి. కంప్రెసర్ నడుస్తుండగా వేడి పైపులున్న గీత వెంబడి ముందు ఆరిపోతుంది, తెల్లటి చారలు కనిపిస్తాయి.

ఎడిసన్: వోడ్కా ఎందుకు నాయనా, నీళ్లు చాలవా?

మెకానిక్: నీళ్లు ఆలస్యంగా ఆరతాయి బాబాయ్. తేడా తెలియదు. కెగ్ ఏ సైజు అనుకుంటున్నారు?

ఎడిసన్: పెద్దదే. చౌక కదా.

మెకానిక్: పెద్దదాంట్లో 15.5 గ్యాలన్లు, దగ్గరదగ్గర 165 సీసాలు. నిండుగా 160 పౌండ్లు ఉంటుంది. మీరు ఎత్తితే నడుము, పెట్టాక ఫ్రిజ్ అడుగు, రెండూ పోతాయి. సిక్స్‌టెల్ అని సన్నటి కెగ్ వస్తుంది. 5 గ్యాలన్ల పైచిలుకు, 55 సీసాలు. అదీ 60 పౌండ్లకి దగ్గరే, అబ్బాయిని పిలవండి. కింద ప్లైవుడ్ పలక వేయండి. ఇంకో లెక్క కూడా ఉంది. పాశ్చరైజ్ చెయ్యని బీరు గ్యాస్ మీద చల్లగా ఉంచినా 45 నుంచి 60 రోజులే బాగుంటుంది. ఒక్కరే 165 సీసాలు…

ఎడిసన్: వద్దులే, చిన్నదే తెప్పిస్తాను. మా ఆవిడ వింటోంది.

యాంకర్: షార్లెట్ నుంచి చిన్న ప్రశ్న అంటున్నారు.

షార్లెట్: అన్నా, గిన్నెస్ బీరు కెగ్ తెచ్చాను, కెగ్ మూతికి బిగించే కప్లర్ పట్టట్లేదు.

మెకానిక్: పట్టదు. ఇక్కడి కెగ్‌లకి డి కప్లర్, గిన్నెస్‌కి యు, హైనికెన్ లాంటివాటికి ఎస్. కెగ్ కొనేముందే షాపులో అడగాలి. ఇంకా గిన్నెస్‌కి కప్లర్ ఒక్కటే చాలదు. 75 పాళ్లు నైట్రోజన్, 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్, దానికి వేరే రెగ్యులేటర్, సన్న చిల్లుల బిళ్ల ఉన్న ట్యాప్ కావాలి. ఖర్చు చూసుకుని దిగండి.

యాంకర్: ఫ్రీమాంట్ నుంచి.

ఫ్రీమాంట్: సార్, నురగ సమస్య లేదు. కానీ ఏ బీరు పెట్టినా పులిసిన మజ్జిగ రుచి. ఒక్కోసారి వెన్న వాసన. షాపువాడు పాత సరుకు ఇస్తున్నాడా?

మెకానిక్: షాపువాణ్ణి అనకముందు, పైపు ఎప్పుడు కడిగారు?

ఫ్రీమాంట్: కొని ఎనిమిది నెలలైంది సార్. కెగ్ మార్చినప్పుడల్లా వేణ్నీళ్లు పోనిస్తా.

మెకానిక్: పాల గిన్నెని ఎనిమిది నెలలు వేణ్నీళ్లతో తొలిచి పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైపు లోపల బ్యాక్టీరియా కాపురం పెట్టింది. ఆ పులుపూ, వెన్న వాసనా దానివే. మీరు దాన్ని కడగడం కంటే కొత్త పైపు వేసుకోండి, పెద్ద ఖరీదు కాదు. ఇకనుంచి రెండు వారాలకోసారి బీర్ లైన్ క్లీనర్ వాడాలి. క్షారంతో చేసేది. పంపుతో తిప్పితే 15 నిమిషాలు, నింపి ఉంచితే 20. తర్వాత మంచినీళ్లు, పట్టి వాసన చూసేదాకా. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. గిన్నెల సబ్బు వాడొద్దు, దాని పొర మిగిలితే నురగ నిలబడదు. ట్యాప్ కూడా విప్పి బ్రష్‌తో తోమండి. చాలామంది అది విప్పరు, మురికంతా అక్కడే ఉంటుంది.

యాంకర్: మన ఫ్రిస్కో తమ్ముడు మళ్లీ వచ్చాడు.

ఫ్రిస్కో: అన్నా, రెండో గ్లాసు 47 డిగ్రీలు! తలుపు మీద 38 అని వెలుగుతోంది.

మెకానిక్: కెగ్ షాపునుంచి చల్లగానే వచ్చిందా?

ఫ్రిస్కో: చల్లగానే ఉందన్నా. (వెనక ఎవరో మాట్లాడుతున్న శబ్దం) ఒక్క నిమిషం… మా ఆవిడ చెబుతోంది. మెషీన్ బిగించేంతసేపూ కెగ్ గరాజ్‌లోనే ఉందట. ఐదారు గంటలు పట్టింది నాకు.

మెకానిక్: ఆగస్టులో, టెక్సస్ గరాజ్‌లో! ఫ్రిజ్‌ని ముందురోజే ఖాళీగా ఆన్ చేసి, అది చల్లబడ్డాకే కెగ్ తేవాలి తమ్ముడూ. అంత పెద్ద కెగ్ మళ్లీ చల్లబడాలంటే ఒక రోజు పైనే పడుతుంది. ఇప్పుడు సిలిండర్ వాల్వు మూసెయ్యి. కప్లర్ పక్కన చిన్న రింగు ఉంటుంది, అది లాగి కెగ్ పైన ఎక్కువైన గ్యాస్ వదిలెయ్యి. నువ్వు 20 పెట్టినప్పుడు ఎక్కింది కాస్త దిగుతుంది. తర్వాత గ్యాస్ తెరిచి 11 దగ్గర పెట్టి తలుపు మూసెయ్యి. సోమవారం దాకా తెరవొద్దు, పట్టి చూడొద్దు. ఈలోపు 10 అడుగుల పైపు తెప్పించు. సోమవారం మళ్లీ రెండో గ్లాసులో థర్మామీటర్ పెట్టు. 38, 39 వస్తే పని అయినట్టే.

ఫ్రిస్కో: మరి ఇప్పుడు పట్టిన రెండు గ్లాసులు ఏం చేయనన్నా?

మెకానిక్: నురగ దిగాక అడుగున ఎంత మిగులుతుందో చూడు. ఒక గ్లాసుకి సరిపోతుంది.

ఫ్రిస్కో: (వెనక మాటలు) ఆ ఒక్కటీ తనకేనంటోంది.

యాంకర్: ఇచ్చేయండి బాబూ, కెగ్ గరాజ్‌లో ఉందని గుర్తుపెట్టుకుంది ఆవిడే. ఒక చిన్న విరామం, తర్వాత వార్తలు.