స్పానిష్‌లో "తెనేర్" నేర్చుకోవాలంటే ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి

అందరికీ నమస్తే. ఇవాళ ఒకే ఒక్క క్రియ గురించి మాట్లాడుకుందాం, తెనేర్. డిక్షనరీ చూస్తే "కలిగి ఉండు" అని ఉంటుంది, కానీ ఆ మాట మన ఇళ్లలో ఎవరు వాడతారు చెప్పండి? "నాకు ఇల్లుంది, నాకు పనుంది" అంటాం. ఆ "నాకు ఉంది"ని పట్టుకుంటే తెనేర్ సగం వచ్చేసినట్టే.

నేను స్పానిష్ మొదలుపెట్టిన కొత్తలో ప్రతి మాటనీ ముందు ఇంగ్లీషులో అనుకుని, అక్కడినుంచి స్పానిష్‌లోకి మార్చేవాణ్ణి. వయసు అడిగితే "ఐ యామ్" అని తలలో మెదిలేది, నోట్లోంచి "సోయ్" వచ్చేసేది. అది తప్పు. వాళ్లు "తెంగో బెయింతె అన్యోస్" అంటారు, అంటే నాకు ఇరవై ఏళ్లు. మనం కూడా "నేను ఇరవై" అనం కదా! ఇన్నాళ్లూ ఇంగ్లీషు చుట్టూ ఎందుకు తిరిగానా అని అప్పుడు నిజంగా బాధేసింది.

ఆకలి, దాహం, నిద్ర, భయం, తొందర అన్నీ ఇదే దారి. తెంగో ఆంబ్రె, నాకు ఆకలిగా ఉంది. తెంగో సెద్, దాహంగా ఉంది. తెంగో సువేన్యో, నిద్రొస్తోంది. తెంగో మియేదో, భయంగా ఉంది. తెంగో ప్రీసా, తొందరలో ఉన్నా. ఉక్కపోస్తుంటే తెంగో కలోర్ అనాలి, ఇంగ్లీషులాగా "ఎస్తోయ్ కలియెంతె" అన్నారంటే కామంతో ఉన్నానని అర్థం వస్తుంది, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. "చాలా ఆకలిగా ఉంది" అనడానికి "వెరీ"లాంటి ముయ్ పెట్టకండి, ఆంబ్రె నామవాచకం కాబట్టి "తెంగో మూచా ఆంబ్రె".

పలకడం మనకి సులువు. "టెనేర్" కాదు, తాతలో ఉన్న "త". ఇక రూపాలు వినండి: తెంగో, త్యేనెస్, త్యేనె, తెనేమోస్, తెనేయిస్, త్యేనెన్. ఇది గందరగోళంగా అనిపిస్తుంది కానీ కాదు. ఒత్తు, అంటే నొక్కి పలకడం, మొదటి అక్షరం మీద పడితే "తె" కాస్తా "త్యే" అవుతుంది, ఆ నొక్కు తర్వాతి అక్షరానికి జరిగితే, అంటే తెనేమోస్, తెనేయిస్ దగ్గర, "తె" అలాగే ఉంటుంది. తెంగో ఒక్కటే వేరు, దానికి మధ్యలో "గ" చేరింది. "రావడం" అనే బెనీర్ కూడా ఇలాగే నడుస్తుంది: బెంగో, బ్యేనెస్, బ్యేనె. నువ్వు అయితే త్యేనెస్, మీరు అని గౌరవంగా అంటే త్యేనె. "మీరంతా" అనే అర్థంలో తెనేయిస్ స్పెయిన్‌లో వినిపిస్తుంది, లాటిన్ అమెరికాలో దాని బదులు ఉస్తేదెస్ త్యేనెన్ అంటారు.

ఇప్పుడు తెలుగువాళ్లం పడే గుంట చెబుతా, ఇంతసేపూ తెలుగు సాయం తీసుకున్నాం కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. "నాకు ఇద్దరు అక్కలున్నారు" అన్నప్పుడు మన క్రియ అక్కల్ని బట్టి మారుతుంది, అందుకే ఉన్నారు, కారైతే ఉంది. స్పానిష్‌లో క్రియ నన్ను బట్టి ఉంటుంది, అక్కలు ఇద్దరైనా పదిమందైనా "తెంగో"నే. తెంగో దోస్ ఎర్మానాస్. (ఎర్మానా అంటే అక్కా కావచ్చు, చెల్లీ కావచ్చు.) చివర ఉన్న ఆ "ఓ"లోనే "నేను" ఉంది, మన "వచ్చాను"లో "ను" ఉన్నట్టు, కాబట్టి "యో" అని విడిగా అనక్కర్లేదు.

తెనేర్‌కి "కె" తగిలిస్తే "ఆలి" వచ్చేస్తుంది. తెంగో కె ఈర్, నేను వెళ్లాలి. "కె" మర్చిపోయి "తెంగో ఈర్" అనకూడదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది భూతకాలం. అక్కడ రెండు రూపాలున్నాయి, తూబె, తెనీయా, చాలామందికి టెన్షన్ పెట్టేవి ఇవే. ఇంగ్లీషులో రెండిటికీ "హ్యాడ్ టు" ఒకటే కాబట్టి అటునుంచి వస్తే తేడా అందదు. తెలుగులో ఆలోచించండి: "పని చేయాల్సి వచ్చింది", "పని చేయాల్సి ఉండింది". మొదటిది వింటే, చేశాడన్నమాట అని మనకి తెలిసిపోతుంది, రెండోదానిలో చేశాడో లేదో ఇంకా తేలలేదు. తూబె కె అంటే "చేయాల్సి వచ్చింది", తెనీయా కె అంటే "చేయాల్సి ఉండింది". నిన్న ఎందుకు రాలేదని ఫ్రెండ్ అడిగితే "తూబె కె త్రబహార్", పని చేయాల్సి వచ్చింది. అదే ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తానని చేయకపోతే, "తెనీయా కె యమార్తె, పెరో మె ఓల్బిదే", నీకు ఫోన్ చేయాల్సి ఉండింది, మర్చిపోయాను. అక్కడ తూబె అన్నారంటే ఫోన్ చేసినట్టే అయిపోతుంది, తర్వాత "మర్చిపోయాను" అంటే అవతలివాళ్లకి ఏమీ అర్థం కాదు.

వీడియో ఇక్కడ ఆపి, ఈ వారంలో మీరు తప్పనిసరై చేసిన పని ఒకటి తూబె కె‌తో, చేయాల్సి ఉండి చేయనిది ఒకటి తెనీయా కె‌తో, గట్టిగా బయటికి చెప్పండి.