కొమ్ములో గంధకం, కంచంలో నువ్వులు

శ్రోతలందరికీ నమస్కారం. ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు ఇటు పాతపట్నంలో, అటు పర్లాకిమిడిలో వింటున్నవారికి మరీ మరీ నమస్కారం. ఇవాళ్టి మాట మీ దగ్గరే మొదలవుతుంది మరి.

పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరు. చిన్నప్పుడు మా మేనమామ వెంట ఒక పనివారింటికి వెళ్లాను. వాకిట్లో కుంపటి. ఆయన గేదె కొమ్మును నిప్పుల సెగ మీద నిదానంగా తిప్పుతున్నాడు. రాయిలాంటి కొమ్ము కాసేపటికి మెత్తబడింది. చేత్తో వంచాడు, అలాగే పట్టుకుని చల్లారనిచ్చాడు. వంచిన వంపు వంచినట్టే ఉండిపోయింది. అది కొంగ మెడ! నేను మాత్రం ముక్కు మూసుకున్నాను. ఆయన చూసి, "ఏటి బాబూ, కంపా? కొమ్మయినా జుత్తయినా కాలితే ఒకటే వాసన" అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో నాకు కాలేజీలో గాని తెలియలేదు. కొమ్ము, జుత్తు, గోరు, గిట్ట, గొర్రె ఉన్ని, ఇవన్నీ కెరటిన్ అనే ప్రొటీన్లే. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఈ గొలుసులు కట్టడానికి వాడే 20 రకాల్లో గంధకం ఉన్నవి రెండే రెండు: మెథియోనిన్, సిస్టీన్. కెరటిన్‌లో సిస్టీన్ మెండు. ఆ కంపు గంధకానిది. ఆ గట్టిదనమూ గంధకానిదే. ఈ గొలుసులోని సిస్టీన్ పక్క గొలుసులోని సిస్టీన్‌ను పట్టుకుంటుంది. గంధకానికీ గంధకానికీ ముడి పడుతుంది. సెగ తగిలితే గొలుసులు సడలుతాయి, కొన్ని ముడులు విడి కొత్తచోట పడతాయి. చల్లారాక బిగుసుకుంటాయి. కొంగ మెడ నిలిచింది అలాగే.

షుగరున్నవారు వేసుకునే ఇన్సులిన్‌లోనూ ఈ ముడులే, అణువుకు మూడు. అవి ఊడితే మందు పనిచేయదు. కాలేయంలో విషాలను విరిచే గ్లూటాథయోన్‌కు కూడా సిస్టీనే ఆధారం.

మరి ఈ గంధకం మనకెక్కడిది? మొక్క నేలలోంచి తీసుకుని ఈ ఆమ్లాలు తయారుచేస్తుంది. మనకా విద్య లేదు. సిస్టీన్‌ను ఒళ్లు చేసుకోగలదు గాని, దానికి గంధకం మెథియోనిన్ ఇవ్వాలి. మెథియోనిన్‌ను చేసుకోలేదు. తినాలి, తినాల్సిందే.

గుడ్డు, చేప తినేవారికి బెంగ లేదు. నా బెంగంతా అవి తినని ఇళ్ల గురించీ, కొనలేని ఇళ్ల గురించీ. కందిపప్పులో, పెసల్లో, ఉలవల్లో ప్రొటీన్ దండిగానే ఉంది, కానీ ఈ రెండు ఆమ్లాలే తక్కువ. బియ్యంలో, చోళ్లలో, అదే రాగుల్లో, ఇవి మెరుగు. అక్కడ కొరవడేది లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం. అది పప్పులో ఉంది. ఒకదాని వెలితి ఇంకొకటి పూడుస్తుంది. ఒట్టి గంజన్నంతో కడుపు నింపుకున్న పిల్లవాడికి ఈ జత దొరకదు.

నువ్వుల్లో మెథియోనిన్ బాగా ఉంటుంది. అందుకే అడుగుతున్నాను, పిల్లల పప్పన్నంలో ఒక చెంచా నువ్వుల పొడి కలపండి. మా అమ్మ మూకుడులో నువ్వులు చిటపటలాడగానే దించేసేది, మాడితే చేదు. చారెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ అక్కర్లేదు, రుచికి చాలినంత చాలు. మరీ చిన్నపిల్లలకైతే కారం వేయకుండా మెత్తగా దంచి, అన్నంలో బాగా కలిసేలా పిసికి పెట్టండి.