పట్టుచీర జోలికి వెళ్లరండీ

వ్యాఖ్యాత: బరంపురం నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. పేరు చెప్పనక్కర్లేదు. మాట్లాడండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మావారు అప్పుడప్పుడు చీర కట్టుకుంటారు, ఇంట్లోనే, తలుపులు వేసుకుని. మూడేళ్ల కిందట తెలిసింది. ఏడ్చాను, పోట్లాడాను, చివరికి సర్దుకున్నాను. ఒక్కటి మాత్రం మింగుడుపడడం లేదు.

డాక్టర్: ఏమిటమ్మా అది?

శ్రోత: బీరువాలో నా పెళ్లినాటి బరంపురం పట్టు ఉంది. దాని జోలికి వెళ్లరండీ. వంటింట్లో నేను కట్టే వెలిసిపోయిన నేతచీర తీసుకుంటారు. బొట్టు లేదు, గాజులు లేవు. కొంగు నడుములో దోపుకుని పేపరు చదువుకుంటారు. జరీచీర కట్టి అద్దం ముందు నిలబడితే ఏదో సరదాలే అనుకునేదాన్ని.

డాక్టర్: అంటే మీకు గుండె ఝల్లుమన్నది చీర చూసి కాదు, పేపరు చూసి!

శ్రోత: అంతేనండీ.

డాక్టర్: మీ ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్రలో మొక్కుకుని వేషాలు కడతారు. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడితే రాణి పాత్ర మగవాళ్లు కట్టడం పాత ఆనవాయితీ. నాటకాల్లో ఆడవేషాలు కట్టిన మన స్థానం నరసింహారావుగారు సత్యభామగా పేరుపొందారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వేషమంటే మనకు బెదురు లేదు. మొక్కో నాటకమో ఒక సాకు ఉంటుంది, తెల్లారితే రంగు కడిగేస్తారు. మీవారు వేషం కట్టలేదు, బట్ట కట్టుకున్నారు. చిక్కంతా అక్కడే.

శ్రోత: రేపు ఆడదానిగా మారిపోతానంటారేమోనని భయం.

డాక్టర్: అది చీర చెప్పదు, ఆయనే చెప్పాలి. తాము స్త్రీలమని లోపల నమ్మేవారు ఉన్నారు. మగవాడిగానే ఉంటూ చీరలో కాసేపు హాయిగా ఉండేవారూ ఉన్నారు. జబ్బేమో అంటారా, 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఇలా దుస్తులు మార్చుకోవడం రుగ్మతగా లేదు.

శ్రోత: మా ఆడపడుచుకు ఈ సంగతి తెలియదు. టీవీలో ఎవరైనా అలా కనిపిస్తే, ‘వీళ్లకు అన్నీ అతే, ఆ లిప్‌స్టిక్కేమిటి, ఆ పూసలేమిటి’ అంటుంది.

డాక్టర్: నేతచీరలో సంతకు వెళ్లి వంకాయలు కొనుక్కొచ్చినవారు ఆవిడ కంటపడరు కదా! మెరిసేవారే కంటపడతారు. మెరిస్తే అతి అంటాం, మెరవకపోతే మీలా బెంగపడతాం. పాపం, ఏ చీర కట్టాలట వాళ్లు? ఒక్క విషయంలో మాత్రం మీ పక్షమే. మీ చీర మిమ్మల్ని అడగకుండా తీయకూడదు. ఆయనకంటూ రెండు కొనమనండి.

వ్యాఖ్యాత: మరో కాల్, రాయగడ నుంచి.

శ్రోత: నేను దర్జీనండీ. ఒకాయన ఆది జాకెట్టు లేకుండా వచ్చి, ‘మా ఆవిడదీ నా కొలతే, నాకే తీయండి’ అన్నారు. భుజం 17 అంగుళాలు!

డాక్టర్: మీరేమన్నారు?

శ్రోత: ఏమీ అనలేదండీ. లోపల కుట్టుకు ఒక అంగుళం ఎక్కువ వదిలాను. మోచేతుల దాకా చేతులు పెట్టమన్నారు, ఆ గుడ్డకు పొట్టిచేతులే బాగుంటాయి. చెప్పవచ్చా అని.

డాక్టర్: మిగతావాళ్లకు చెబుతారా?

శ్రోత: చెప్పకుండా ఎలా ఉంటానండీ!

డాక్టర్: మరి ఆయనకూ చెప్పండి.

శ్రోత: సరేనండీ. శుక్రవారం వస్తారు.