మొదటి టాటూ: ఎక్కడ, ఏం బొమ్మ, నొప్పి ఎంత?

(తెరపై: ముసలి చెయ్యి, దాని మీద పచ్చటి తేలు బొమ్మ)

ఇది మా నాయనమ్మ చెయ్యి. పెళ్లికి ముందు ఊళ్లోకి వచ్చిన ఎరుకలామె సూదితో పొడిచిన పచ్చబొట్టు. అరవై ఏళ్లు దాటింది. నలుపు పచ్చబడింది, గీతలు లావయ్యాయి. అయినా తేలు తేలులాగే ఉంది.

(తెరపై: మణికట్టు దగ్గర చిన్న అక్షరాలు)

ఇది నాది. మహబూబ్‌నగర్‌లో వేయించుకుని ఆరేళ్లయింది. ముద్దుగా ఉంటుందని 'అమ్మ' అని సన్నగా రాయించా. ఇప్పుడు ఆ ఒత్తు మసి చుక్కలా కనిపిస్తోంది.

ఎందుకిలా? చర్మం పైపొర దాదాపు నెలకోసారి రాలి కొత్తది వస్తుంది. అందుకే సూది దాని కిందిపొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున రంగు దింపుతుంది. ఒంట్లోని రక్షణ కణాలు ఆ రంగును మింగి అక్కడే ఉండిపోతాయి. టాటూ నిలిచేది వాటి వల్లే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ రంగు కొంచెం కొంచెం పక్కకు పాకుతుంది. మధ్యలో ఖాళీ తక్కువున్న గీతలు కలిసిపోతాయి. మన లిపిలో ఒత్తులు, గుడులు, సున్నాలు ఉన్నాయి కదా, ఈ తిప్పలు మనకే ఎక్కువ. తెలుగులో రాయిస్తే పెద్దగా రాయించండి. వేసేవాళ్లకు తెలుగు రాకపోతే అక్షరాన్ని బొమ్మలా చూసి దించేస్తారు. సూది పెట్టే ముందు చర్మం మీద అంటించే అచ్చును స్టెన్సిల్ అంటారు. అది అంటించాక మీరు చదవండి, వెంట వచ్చినవాళ్లతోనూ చదివించండి. లవర్ పేరంటారా, మీ ఇష్టం. లేజర్‌తో తీయించాలంటే మాత్రం చాలాసార్లు తిరగాలి.

ఇక చోటు. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లూ, ఇది మీకే. ఆర్మీలో సాధారణంగా మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలివైపు, అరచేతి వెనకవైపు మాత్రమే ఒప్పుకుంటారు. కేంద్ర బలగాల్లో అయితే సెల్యూట్ చేయని ఎడమ చెయ్యే, అదీ ఆ భాగంలో పావువంతుకు మించకూడదు. తెగ ఆచారం ప్రకారం వేయించుకున్న గిరిజనులకు ఆర్మీలో మినహాయింపు ఉంది. నోటిఫికేషన్ చదవకుండా మెడ మీద సింహం వేయించుకోకండి.

నొప్పి? ఎండకు కమిలిన చర్మాన్ని గోరుతో గీకుతూ ఉన్నట్టుంటుంది. పక్కటెముకలు, వెన్నుపూస, పాదం పైభాగం, మోచేతి మడత... అక్కడ చుక్కలు కనిపిస్తాయి. భుజం బయటివైపు, తొడ బయటివైపు నయం. మొదటిసారి అక్కడే మొదలుపెట్టండి.

చాలామంది కళ్లు తిరిగి పడేది ఖాళీ కడుపుతో, టెన్షన్‌తో పోవడం వల్ల. రెండు జొన్నరొట్టెలు తిని పోండి, నీళ్లు బాగా తాగండి. ధైర్యానికని ముందురోజు కల్లు, మందు వద్దు, రక్తం ఎక్కువ కారి రంగు సరిగ్గా పట్టదు. సూది తగిలినప్పుడు ఊపిరి బిగపట్టకుండా మెల్లగా వదలండి. ఓర్వలేకపోతే ఆపమనండి. నేను రెండుసార్లు ఆపించా, ఎవరూ నవ్వలేదు. మొద్దుబార్చే క్రీమ్ రాయాలనుకుంటే ముందు డాక్టర్‌ను అడగండి.

డబ్బు ఆదా కోసం జాతరలో అందరికీ ఒకే సూదితో పొడిచేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అలా అంటుకోవచ్చు. సూది ప్యాకెట్ మీ ముందే చింపాలి, రంగు చిన్న కప్పులో కొత్తగా పోయాలి. షుగర్ ఉన్నా, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బే ఒళ్లైనా ముందు డాక్టర్ మాట వినండి. వేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయకూడదు.

నొప్పి గురించి నాయనమ్మను అడిగితే, "ఏడ్చిన బిడ్డా, పసుపు పూసిర్రు, అయిపాయె" అంది. మీరు పసుపు పూయకండి. వాసన లేని సబ్బుతో కడిగి, ఆయింట్‌మెంట్ పల్చగా రాయండి. పొట్టు లేస్తుంటే గిల్లొద్దు. వేయించుకునేది నల్గొండ ఎండాకాలంలో అయితే మరీ కష్టం. చెమట పడుతుంది, బాయిలో ఈత కొట్టాలనిపిస్తుంది. మూడు వారాల దాకా దూకొద్దు.