వెలుగును లెక్కకట్టి కెమెరా కొందాం

మిత్రులందరికీ నమస్కారం.

మీ చేతుల్లోకి వస్తున్న రెండు ప్రింట్లను ముందు చూడండి. రెండూ 8 అంగుళాలకు 12 అంగుళాలవే. ఒకే గదిలో, ఒకే బల్బు వెలుగులో, కొద్ది నిమిషాల తేడాతో తీసినవి. గద్వాల చీర అంచు, ఇత్తడి పళ్లెం, అందులో గుప్పెడు బంతిపూలు. చీర అంచు దగ్గర వేలు పెట్టి చూడండి. ఒకదానిలో జరీ పోగులను విడివిడిగా లెక్కపెట్టవచ్చు. రెండోదానిలో పోగులే లేవు, పసుపు రంగు పూసిన పట్టీ ఉంది. ఈ రెండింటిలో ఒకటి 10 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసినది, ఇంకొకటి 20 మెగాపిక్సెళ్ల దానితో తీసినది. ఏది ఏదో చెప్పగలరా?

పోగులు కనిపిస్తున్నదే 10 మెగాపిక్సెళ్లది. 2008లో వచ్చిన పానాసోనిక్ ఎల్‌ఎక్స్3 అనే చిన్న కెమెరా తీసిన ఫోటో. రెండోది దానికి చాలా ఏళ్ల తర్వాత వచ్చిన, 30 రెట్ల జూమ్ ఉన్న కెమెరాది. దాని పేరు మనకు అవసరం లేదు. ఆ తరహా కెమెరాలన్నీ దీపం వెలుగులో ఇలాగే తీస్తాయి.

నాకు ఈ పట్టింపు ఊరికే రాలేదు. మా అన్నయ్య కూతురి పెళ్లికి తెల్లవారుజామున ముహూర్తం. స్టూడియో వాళ్లు దీపాలు పెట్టుకుని మండపానికి ఒక పక్క నిలబడ్డారు. నేను రెండో పక్క, చీకటిగా ఉన్న వైపు, ఈ జూమ్ కెమెరాతో నిలబడ్డాను. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం, అక్షతలు పడిన క్షణం, అన్నీ తీశాను. కెమెరా వెనుక ఉన్న చిన్న తెర మీద అన్నీ బాగానే కనిపించాయి. ప్రింటు వేయించాక చూస్తే ముఖాలు మైనంతో పోత పోసినట్టున్నాయి. మా పెద్దమ్మ ముంజేతి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది, చుక్కల ముగ్గు. అక్షతలు వేయడానికి ఆమె చెయ్యెత్తింది. ఆ చేతి మీద ముగ్గు లేదు, బూడిదరంగు మరక ఉంది.

ఇలా ఎందుకవుతుంది? కెమెరాకు అందిన కాంతి తక్కువైతే, ఆ కొద్దిపాటి కాంతిని పెంచి చూపించాలి. పెంచినప్పుడు బొమ్మతోపాటు గరుకు చుక్కలూ పెరుగుతాయి. వాటినే నాయిస్ అంటాం. వాటిని తుడవడానికి కెమెరాలోని ప్రాసెసర్ బొమ్మను నునుపు చేస్తుంది. ఏది నాయిస్ చుక్కో, ఏది పచ్చబొట్టు చుక్కో దానికి తెలియదు. రెండింటినీ తుడిచేస్తుంది.

కాబట్టి చిన్న కెమెరాలను పోల్చేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: లోపలికి ఎంత వెలుగు వస్తుంది?

దీనికి సెన్సార్ కొలత, అంటే కెమెరా లోపల కాంతిని పట్టుకునే చిప్పు కొలత తెలియాలి. మార్కెట్లో చవకగా దొరికే చాలా కెమెరాల్లో ఉండేది 1/2.3 అంగుళం సెన్సార్. వెడల్పు సుమారు 6.2 మిల్లీమీటర్లు, ఎత్తు 4.6. అంటే కందిగింజంత. వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. ఒక అంగుళం సెన్సార్ అని రాసి ఉంటే అది నిజంగా అంగుళం ఉండదు. పాత టీవీ కెమెరా గొట్టాల బయటి వ్యాసం నుంచి వచ్చిన పేరు అది. అసలు కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు, వైశాల్యం 116. పేరు చూసి నిరాశపడకండి, కందిగింజకు అది నాలుగు రెట్లు. ఇంకా పైన ఏపీఎస్-సీ సెన్సార్లు ఉన్నాయి, సుమారు 366 చదరపు మిల్లీమీటర్లు.

మరి మెగాపిక్సెళ్లో? అరెకరం పొలాన్ని నాలుగు మళ్లు చేసినా నలభై మళ్లు చేసినా దాని మీద పడే వాన అంతే. మళ్లు పెరిగితే గట్లు పెరుగుతాయి. మీ చేతిలో ఉన్న ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్క వేస్తే 86 లక్షల పిక్సెళ్లు, అంటే 8.6 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. కెనాన్ వాళ్లు 2008లో జీ10ను 14.7 మెగాపిక్సెళ్లతో తెచ్చి, మరుసటి ఏడాది జీ11ను 10కి తగ్గించి విడుదల చేశారు. అందరూ అంకెలు పెంచుకుంటూ పోతున్న రోజుల్లో, బొమ్మ నాణ్యత కోసం అంకె తగ్గించుకోవడానికి ధైర్యం కావాలి. ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

సెన్సార్ సగం సంగతే, మిగతా సగం లెన్స్. నేను వేసుకునే లెక్క చెబుతాను, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. సెన్సార్ వైశాల్యాన్ని తీసుకోండి. లెన్స్ ఎఫ్ అంకెను (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అది చిన్నదైతే రంధ్రం పెద్దది) అదే అంకెతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఒకే దృశ్యాన్ని, ఒకే చట్రంలో, ఒకే షట్టర్ వేగంతో తీసినప్పుడు ఏ సెన్సార్‌కు మొత్తం ఎంత కాంతి అందుతుందో ఈ అంకె చెబుతుంది. మన జూమ్ కెమెరా సంగతి చూద్దాం. జూమ్ చేయకుండా ఎఫ్ 3.3, సెన్సార్ 28. వచ్చేది 2.6. ఎల్‌ఎక్స్3 సెన్సార్ సుమారు 43, లెన్స్ ఎఫ్ 2. వచ్చేది దాదాపు 11. నాలుగు రెట్ల వెలుగు! జరీ పోగులు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది కదా.

ఇదే లెక్కతో సోనీ ఆర్‌ఎక్స్100 వరసను చూడండి. నా దృష్టిలో చిన్న కెమెరాలను పోల్చడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. 2012లో మొదటిది వచ్చింది, 2019లో ఏడోది. అన్నింటిలోనూ సెన్సార్ ఒక అంగుళమే, మెగాపిక్సెళ్లు 20కి అటూ ఇటూగానే. మారింది ప్రధానంగా లెన్స్, వేగం, వీడియో. మొదటిదానిలో జూమ్ చేయకుండా, అంటే 28 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్ 1.8, మన లెక్కలో 36 వస్తుంది. కానీ 100 దాకా జూమ్ చేస్తే ఎఫ్ 4.9కి పడిపోతుంది, అంకె 5కు దిగుతుంది. అదే కెమెరా, అదే మండపం. మీరు జూమ్ మీట నొక్కినంతలో వెలుగు ఏడో వంతుకు తగ్గింది. అందుకే రాత్రి పెళ్లిలో జూమ్ చేయకండి, రెండడుగులు ముందుకు వేయండి అని పిల్లలకు చెబుతుంటాను.

2014లో వచ్చిన మూడోదాని లెన్స్ 24 నుంచి 70 వరకే వెళ్తుంది, కానీ చివరన కూడా ఎఫ్ 2.8 ఉంటుంది. అంకె దాదాపు 15. మనుషుల ముఖాలు తీయడానికి సరిపోయే దూరం అది. ఏడోది 200 దాకా వెళ్తుంది, కదిలే మనిషి కన్నును వెంటాడి పట్టుకుంటుంది, మైకు తగిలించవచ్చు. కానీ దాని లెన్స్ మొదలవ్వడమే ఎఫ్ 2.8తో. అంటే మూడోది జూమ్ చివరన ఇచ్చేంత వెలుగునే ఏడోది జూమ్ చేయకుండా ఇస్తుంది. అమెరికాలో విడుదలైనప్పుడు మూడోదాని ధర 800 డాలర్లు, ఏడోది 1,200. పగటిపూట పక్షులను, పిల్లల ఆటలను తీసేవారికి ఆ అదనపు సొమ్ము దండగ కాదు. దీపం వెలుగులో ఇంటివాళ్లను తీసేవారు మాత్రం ఎక్కువ ఇచ్చి తక్కువ వెలుగు కొనుక్కున్నట్టే. ఆ పనికి నేను మూడోదాన్నే ఎంచుకుంటాను, సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే.

ఇంకో మెట్టు పైన రికో జీఆర్3 ఉంది. ఏపీఎస్-సీ సెన్సార్, జూమ్ లేదు, ఎఫ్ 2.8, అంకె 47. పదును విషయంలో పైన చెప్పిన కెమెరాలేవీ దానికి సాటిరావు. ఫ్లాష్ లేదని గుర్తుంచుకోండి. ఫుజీఫిల్మ్ ఎక్స్100 వరసలో లెన్స్ ఎఫ్ 2, అంకె 90 దాటుతుంది, ధరా అలాగే దాటుతుంది.

ఫోను ఉండగా ఇవన్నీ ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 2010లో ప్రపంచమంతటా పది కోట్లకు పైగా చిన్న కెమెరాలు కంపెనీల నుంచి బయటకు వెళ్లాయి. 2023 నాటికి 20 లక్షలైనా లేవు. ఆ స్థానాన్ని ఫోను ఊరికే తీసుకోలేదు. అది వరసగా అనేక ఫోటోలు తీసి, వాటిని కలిపి, నాయిస్ తగ్గిస్తుంది. కదలని దృశ్యాల్లో కందిగింజ సెన్సార్ కెమెరాను మంచి ఫోను సులువుగా ఓడిస్తుంది. అందుకే 1/2.3 అంగుళం కెమెరాను ఈ రోజు కొత్తగా కొనమని నేనెవరికీ చెప్పను, దూరపు జూమ్ తప్పనిసరి అయితే తప్ప. అయితే అక్షతలు గాలిలో ఉన్నప్పుడు కలపడానికి రెండో ఫోటో లేదు. గింజ గింజా ఆగి కనిపించాలంటే షట్టర్ చాలా వేగంగా పడాలి. ఆ ఒక్క ఫోటోలోనే కావలసినంత వెలుగు ఉండాలి. పెద్ద సెన్సార్, పెద్ద లెన్స్ అక్కరకొచ్చేది అక్కడే.

రంగు గురించి ఒక్క మాట. బంతిపూలను చిన్న కెమెరాలు తరచూ పాడుచేస్తాయి. ఎరుపు ముందే నిండిపోయి, రేకులన్నీ కలిసి నారింజ ముద్దలా కనిపిస్తాయి. ఎక్స్‌పోజరును కొంచెం తగ్గించి, రా ఫైలుగా, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైలుగా తీసుకుంటే రేకులు దక్కుతాయి. రా ఫైలు ఇవ్వని కెమెరాకు నేను ఎక్కువ ధర పెట్టను.

పాత కెమెరా కొనేవారు దుకాణంలోనే మూడు పనులు చేయండి. పదిసార్లు ఆన్ చేసి, ఆఫ్ చేయండి. లెన్స్ బయటికి వచ్చేటప్పుడు కరకరమన్నా, మధ్యలో ఆగినా తీసుకోవద్దు. తర్వాత ఎఫ్ 8 లేదా 11 పెట్టి తెల్లగోడను ఫోటో తీసి, పెద్దది చేసి చూడండి. నల్లటి మచ్చలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ము చేరినట్టు. ఈ కెమెరాల లెన్స్ ఊడి రాదు కాబట్టి, దుమ్ము తీయాలంటే కెమెరానే విప్పాలి. ఆపైన బ్యాటరీ, మెమరీ కార్డు దొరుకుతాయో లేదో చూసుకోండి. 2006 నాటి ఫుజీ ఎఫ్30 తన కాలంలో చీకటిలో బాగా తీస్తుందని పేరుపొందిన కెమెరా, కానీ అది ఎక్స్‌డీ అనే పాతరకం మెమరీ కార్డు వాడుతుంది. ఆ రకం కార్డులు ఇప్పుడు తయారు కావడం లేదు. కార్డు కూడా ఇస్తేనే బేరమాడండి.

బల్ల మీద ఎల్‌ఎక్స్3, ఆర్‌ఎక్స్100 మూడోది, నా జూమ్ కెమెరా, ఒక ఫోను ఉన్నాయి. పళ్లెంలో అక్షతలున్నాయి. అక్షతలు వేయడానికి ఎవరైనా ఒకరు ముందుకు రండి. కిటికీ తెరలు వేసి, ఆ చివరి బల్బు ఒక్కటి ఉంచి మిగతావి ఆపేయండి. మొదలుపెడదాం.